ఒకే పొట్టేలు, ఆ తర్వాత దాని కొడుకు: మందలో పిల్లలు ఎందుకు చిక్కిపోతున్నాయి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైనది చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీది నాగర్‌కర్నూల్ జిల్లా. 2018లో గొర్రెల పంపిణీ పథకం కింద మీ నాన్నగారికి 20 గొర్రెలు, 1 పొట్టేలు వచ్చాయి. అన్నీ నెల్లూరు జోడిపి జాతివి. ఆ పొట్టేలు నాలుగేళ్ళు మందలో ఉంది. దాన్ని అమ్మేశాక, దాని పిల్లల్లో అందంగా ఉన్నదాన్ని విత్తనానికి ఉంచారు. ఇప్పటికీ గొర్రెల్ని దాటేది, అంటే చూడి కట్టించేది, అదే. ఇప్పుడు మందలో 64 గొర్రెలు. అందులో 5 పాతవి, 12 కిందటేడు సంతలో కొన్నవి, మిగతా 47 మీ దొడ్లో పుట్టినవే. మొన్నటి ఈతలో 55 పిల్లలు పుడితే 9 రెండు వారాల్లోపే పోయాయి. నాలుగింటికి కింది దవడ పొట్టిగా ఉంది. ఒకప్పుడు మూడు నెలలకు 14 కిలోలు తూగిన పిల్లలు ఇప్పుడు 10, 11 దగ్గరే ఆగిపోతున్నాయి. నట్టల మందు, టీకాలు, దాణా ఏవీ మానలేదు. రెండేసి పిల్లలు వేసే జాతి పొట్టేలు తెమ్మని ఒకరు, విదేశీ క్రాస్ పెట్టమని ఒకరు చెబుతున్నారు. నాన్నగారికేమో ఈ పొట్టేలంటే ప్రాణం, అమ్మనంటున్నారు. ఇదీ మీ సమస్య.

నేను 31 ఏళ్ళు పశువైద్యుడిగా పనిచేశాను. అందులో సగానికి పైగా గొర్రెలున్న ఊళ్ళలోనే గడిచింది. మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఒక వాక్యంలో ఉంది. చచ్చిపోయిన 9 పిల్లల్లో 8, దవడ పొట్టివి నాలుగుకు నాలుగూ ఇంట్లో పుట్టిన గొర్రెలవేనని, కొన్న 12 గొర్రెల పిల్లలు మాత్రం 13 కిలోలు తూగాయని రాశారు. ఒకే బీడు, ఒకే నీళ్ళు, ఒకే మందు, ఒకే పొట్టేలు. తల్లులు మాత్రమే వేరు. మేతలోనో, నట్టల్లోనో తేడా ఉంటే కొన్న గొర్రెల పిల్లలు కూడా చిక్కిపోవాలి. కాబట్టి లోపం మేతలో లేదు, రక్తంలో ఉంది. పిల్లలు చిన్నగా పుట్టిన ప్రతిచోటా ఇదే కారణం అనుకోకూడదు. చూడి చివరి నెలన్నరలో మేత చాలకపోయినా అచ్చం ఇలాగే చిన్న పిల్లలు పుడతాయి, తల్లికి పాలు తగ్గుతాయి. మీరు తల్లుల వారీగా లెక్క రాసుకున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

రక్తం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు. గొర్రె ఒంట్లో ప్రతి కణంలోనూ 54 క్రోమోజోములు ఉంటాయి, అంటే 27 జతలు. పిల్లకు ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. గుణాల్ని నిర్ణయించే జన్యువులు వాటి మీదే ఉంటాయి కాబట్టి ఒక్కో జన్యువుకూ రెండు ప్రతులు, అంటే రెండు కాపీలు ఉంటాయి. ఒక ప్రతి చెడ్డదైనా రెండోది మంచిదైతే చాలా దోషాలు బయటపడవు. అలాంటి పొట్టేలు చూడ్డానికి నిండుగా, ఆరోగ్యంగా ఉంటుంది. దోషాన్ని మోస్తుంది, చూపించదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ ప్రతులూ ఒకే పిల్లకు చేరినప్పుడే అది బయటపడుతుంది.

మీ మందలో ఏం జరిగిందో చూడండి. 2018 నాటి పొట్టేలులో దవడకు సంబంధించిన ఒక చెడ్డ ప్రతి దాగి ఉందనుకుందాం. దాని కూతుళ్ళలో సగానికి ఆ ప్రతి చేరింది. వాటికీ ఏ లోపమూ కనిపించలేదు. మీరు ఉంచుకున్న కొడుక్కి కూడా అదే చేరింది. ఇప్పుడు ఆ కొడుకు తన అక్కచెల్లెళ్ళను దాటుతోంది. వాటిలో సగం మోసేవి. మోసే పొట్టేలు, మోసే గొర్రె కలిస్తే నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండు చెడ్డ ప్రతులూ పడతాయి. సగంలో పావు అంటే ఎనిమిదింట ఒకటి. మీ ఇంట్లో పుట్టిన గొర్రెలకు మొన్న 39 దాకా పిల్లలు పుట్టాయి. ఎనిమిదింట ఒకటి చొప్పున అయిదు వరకు దవడ పొట్టివి రావాలి, మీకు నాలుగు వచ్చాయి. దవడ లోపం అన్ని మందల్లోనూ ఇలా ఒక్క జన్యువుతోనే నడుస్తుందని చెప్పను, కానీ అది వంశంలో దిగేదే. మీ అంకెలు మాత్రం ఈ లెక్కకు దగ్గరగా ఉన్నాయి.

కొన్న 12 గొర్రెలకు ఆ ప్రతి లేదనుకోవచ్చు. అందుకే అదే పొట్టేలు దాటినా వాటి పిల్లలు బాగున్నాయి. మీ పాత 5 గొర్రెల సంగతీ అంతే.

బరువు తగ్గడం, పుట్టిన రెండు వారాల్లో చనిపోవడం మాత్రం ఒక్క జన్యువు పని కాదు. ఎదుగుదల, పాలు, రోగాన్ని తట్టుకోవడం, చూడి నిలవడం లాంటి వాటి వెనుక వందల జన్యువులు ఉంటాయి. దగ్గర చుట్టాలు కలిసినప్పుడు వీటన్నిటిలోనూ కొంచెం కొంచెం నష్టం వస్తుంది. అదే ఇన్‌బ్రీడింగ్. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చి ఉండే అవకాశం నూటికి ఎంత అన్నదే దీని లెక్క. మనకు తెలిసిన చుట్టరికాల్లోనే చెబుతాను. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళయితే వాళ్ళ బిడ్డకు ఈ లెక్క 6.25 శాతం. మేనమామ మేనకోడల్ని చేసుకుంటే 12.5. మందలో ఒకే తండ్రికి, వేరే తల్లులకు పుట్టిన అన్నాచెల్లెళ్ళు కలిస్తే అదే 12.5. తండ్రీ కూతురూ కలిస్తే 25. మీ మొదటి పొట్టేలు రెండో ఏడు తిరిగేసరికే తన కూతుళ్ళను దాటి ఉంటుంది. ఆ తర్వాత కొడుకు అక్కచెల్లెళ్ళను, ఆపైన తన కూతుళ్ళను దాటింది. ఒక్క పొట్టేలుతో, బయటి రక్తం లేకుండా నడిచే 60 గొర్రెల మందలో ఈ లెక్క ఒక్కో తరానికి సుమారు 12.7 శాతం చొప్పున పెరుగుతుంది. రెండు పొట్టేళ్ళుంటే 6.5 శాతం. గొర్రెలు 60 ఉన్నాయా 600 ఉన్నాయా అన్నది ఇందులో పెద్ద తేడా తేదు. పొట్టేళ్ళు ఎన్ని అన్నదే ముఖ్యం. ఒక గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లలకు తల్లి. పొట్టేలు ఆ ఏడు పుట్టిన అన్నిటికీ తండ్రి.

ఇది చిన్న మందల కష్టం మాత్రమే కాదు. అమెరికాలో 1962లో పుట్టిన చీఫ్ అనే హోల్‌స్టీన్ జాతి ఆంబోతు పాల దిగుబడికి పెట్టింది పేరు. దానికి సుమారు 16 వేల కూతుళ్ళు, 5 లక్షల మనవరాళ్ళు. దాని ఒంట్లో ఒక చెడ్డ ప్రతి దాగి ఉందని దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. రెండు ప్రతులూ కలిసిన దూడ కడుపులోనే పోతుంది. ఆ ఒక్క జన్యువు వల్ల ప్రపంచమంతా కలిపి సుమారు 5 లక్షల గర్భస్రావాలు జరిగాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంత రికార్డులు రాసే దేశంలోనే అలా జరిగింది. కాబట్టి నాన్నగారిని తప్పు పట్టకండి, ఆయన కంటికి ఆ పొట్టేలు నిజంగానే బాగుంది.

ఇన్‌బ్రీడింగ్‌తోనే జాతుల్ని తయారుచేశారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు దగ్గర చుట్టాలనే కలుపుతూ లెస్టర్ గొర్రెను కొత్త రూపుకు తెచ్చాడు. కానీ ఆయన తన పొట్టేళ్ళను అమ్మకుండా చుట్టుపక్కల రైతులకు సీజన్‌కు అద్దెకిచ్చేవాడు. వాటికి ఎలాంటి పిల్లలు పడ్డాయో పది మందల్లో చూసి, మేలైనదాన్నే తన మందకు వెనక్కి తెచ్చుకునేవాడు. మిగతావి ఏరిపారేసేవాడు. అంత ఏరివేత మనలాంటి మందల్లో కుదరదు. మీరు ఆ దారిలోకి వెళ్ళకండి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ పొట్టేలును ఈ సీజన్ దాటించకుండా మంద నుంచి తీసేయాలి. దాని కొడుకుల్లో దేన్నీ విత్తనానికి ఉంచకూడదు. పాలు మాన్పిన మగపిల్లల్ని నాలుగో నెల నుంచే వేరు చేయండి, లేదా వట్టలు కొట్టించండి. అవి చిన్నవే కదా అనుకుంటాం, నాలుగైదు నెలల పిల్ల కూడా రాత్రిపూట దొడ్లో పని చేసేస్తుంది.

వాటి స్థానంలో మందకు చుట్టం కాని రెండు పొట్టేళ్ళు కావాలి. 64 గొర్రెలకు ఒక్కటి ఎలాగూ చాలదు, పొట్టేలుకు 25, 30 గొర్రెలే లెక్క. పక్క ఊళ్ళో అదే పథకం కింద, అదే సంతలో, అదే వ్యాపారి దగ్గర తెచ్చిన మందలోంచి తీసుకుంటే అది మీ పొట్టేలు తమ్ముడే కావచ్చు, అడిగి తెలుసుకోండి. నెల్లూరు, ప్రకాశం వైపు ఒకే కాపరి దగ్గర తల్లిని, తోబుట్టువుల్ని కూడా చూపించగలిగిన చోట కొనడం మేలు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం జోడిపి గొర్రెల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది, అక్కడ విచారించండి.

చుట్టం కాని పొట్టేలు వస్తే ఒక మంచి జరుగుతుంది. తల్లి ఎంత దగ్గర రక్తంలో పుట్టినదైనా సరే, తండ్రి పూర్తిగా బయటిదైతే పిల్ల ఇన్‌బ్రీడింగ్ లెక్క ఒక్కసారిగా సున్నాకు వస్తుంది. వచ్చే ఈతలోనే తేడా కనిపిస్తుంది. పూర్తిగా కాదు, ఎందుకంటే పాలిచ్చే తల్లి మాత్రం ఇంకా ఆ పాత రక్తపు గొర్రే. ఆ పిల్లలే పెరిగి తల్లులయ్యాక మంద కోలుకున్నట్టు. దవడ లోపపు ప్రతి మాత్రం ఆడవాటిలో దాగే ఉంటుంది. దవడ పొట్టి పిల్లను కన్న నాలుగు తల్లుల్ని గుర్తుపెట్టుకుని, వాటి పిల్లల్ని విత్తనానికి ఉంచకుండా మాంసానికే పంపండి.

కొనేటప్పుడు పొట్టేలును ఎండలో, చదునైన నేల మీద నడిపించి చూడండి. తర్వాత మూతి ఎత్తి, పెదవి వెనక్కి లాగి నోరు చూడండి. గొర్రెకు పైన ముందు పళ్ళు ఉండవు, చిగురే గట్టిపడి ఒక మెత్తలా ఉంటుంది. కింది పళ్ళ అంచు సరిగ్గా ఆ మెత్త ముందు భాగానికి ఆనాలి. మీ బొటనవేలు కింది పళ్ళ ముందు పెట్టి పైకి జరపండి. వేలు సాఫీగా మెత్త మీదకు ఎక్కితే సరే. పైచిగురు ముందుకు పొడుచుకొచ్చి వేలికి అడ్డం తగిలితే దవడ పొట్టి, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఇక వట్టలు రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి. గడ్డలు తగలకూడదు. ఒకటే దిగిన పొట్టేలు పనికిరాదు, ఆ లోపం కూడా వంశంలో దిగేదే. కింది పాలపళ్ళు ఊడి రెండో నాలుగో శాశ్వత పళ్ళు వేసిన వయసు బాగుంటుంది. ఇంటికి తెచ్చాక నెల రోజులు విడిగా కట్టేసి, నట్టల మందు వేసి, టీకాలు వేయించి, గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా రోగానికి పరీక్ష చేయించాకే మందలో కలపండి.

ఇక్కడ నన్ను ఎప్పుడూ బాధపెట్టే ఒక సంగతి చెప్పాలి. మన ఊళ్ళలో బక్రీద్ ముందు వ్యాపారి వస్తాడు. మందలో మొట్టమొదట ఎదిగిన, బరువైన మగపిల్లల్ని ఏరుకుని మంచి ధర ఇచ్చి తీసుకెళతాడు. మిగిలిన వాటిలోంచి మనం విత్తనపు పొట్టేలును ఎంచుకుంటాం. అంటే ఏటా తొందరగా ఎదిగే రక్తాన్ని కోతకు పంపి, నెమ్మదిగా ఎదిగేదాన్ని మందలో నిలుపుతున్నాం. పదేళ్ళు ఇలా చేస్తే ఏ మందైనా కుంచించుకుపోతుంది. ఎంపిక మనం చేసినా చేయకపోయినా జరుగుతూనే ఉంటుంది, మన చేతుల్లో ఉండాలంటే వ్యాపారి రాకముందే విత్తనానికి రెండు పిల్లల్ని పక్కన పెట్టాలి. ఆ రెండింటికీ ఆ రోజు వచ్చే డబ్బు వదులుకోవాలి, అది కష్టమే.

ఏ పిల్ల మేలు అని తేల్చేటప్పుడు కన్ను మోసం చేస్తుంది. అందరికంటే ముందు పుట్టినది, ఒంటి పిల్ల, పాలున్న నాలుగో ఈత తల్లికి పుట్టినది ఎలాగూ పెద్దగా కనిపిస్తుంది. తొలిచూలు తల్లికి కవలల్లో ఒకటిగా పుట్టి దానికంటే కిలో మాత్రమే తక్కువ తూగిన పిల్లలో రక్తం బహుశా ఇంకా మంచిది. అందుకే పోల్చేటప్పుడు ఒంటి పిల్లల్ని ఒంటి పిల్లలతో, కవలల్ని కవలలతో, ఒకే నెలలో పుట్టినవాటిని ఒకదానితో ఒకటి పోల్చాలి. మూడు నెలల బరువులో కనిపించే తేడాలో అయిదో వంతు దాకానే వంశంలో దిగుతుందని అనుకోవచ్చు, మిగతాది పాలు, మేత, వాతావరణం. మంద సగటు కంటే 4 కిలోలు ఎక్కువ తూగిన పొట్టేలును ఉంచుకున్నారనుకోండి. 4లో అయిదో వంతు 0.8 కిలో, అందులో తండ్రి వాటా సగం, అంటే పిల్లకు 400 గ్రాములు. తక్కువ అనిపిస్తుంది. 60 పిల్లలకు 24 కిలోలు, అదీ రూపాయి దాణా ఖర్చు లేకుండా. పైగా అది కూతుళ్ళలో నిలిచిపోతుంది.

పాల విషయంలో మనవాళ్ళు పొట్టేలును లెక్కలోకి తీసుకోరు. జోడిపిలో కొమ్ములు పొట్టేలుకే ఉంటాయి, గొర్రెకు సాధారణంగా ఉండవు. అయినా కొడుకు కొమ్ముల్లో తల్లి వంశం వాటా కూడా ఉంటుంది. పాలూ అంతే. పొట్టేలు పాలివ్వదు, కూతుళ్ళ పాలలో సగం వాటా దానిదే. అందుకే పొట్టేలును కొనేముందు దాని తల్లి పొదుగు చూడమంటాను.

కవలల సంగతి. మామూలుగా కవలలు వేసే గుణం వంశంలో దిగేది చాలా తక్కువ, పదింట ఒక వంతు. కవలగా పుట్టిన పొట్టేలును తెచ్చినంత మాత్రాన కూతుళ్ళన్నీ కవలలు వేయవు. దీనికి ఒక మినహాయింపు ఉంది, మీకు ఎవరో చెప్పింది బహుశా దాని గురించే. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రెలో ఒక ప్రత్యేక జన్యువు ఉంది. అది ఒక ప్రతి ఉన్నా గొర్రెకు ఒకేసారి ఎక్కువ అండాలు విడుదలవుతాయి. మహారాష్ట్రలో ఫల్టన్‌లోని నింబ్కర్ సంస్థ ఆ జన్యువును దక్కనీ గొర్రెలోకి తెచ్చి సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. రెండు ప్రతులున్న పొట్టేలును మీ గొర్రెలకు దాటిస్తే పుట్టిన ప్రతి కూతురికీ ఒక ప్రతి ఖాయం. ఒకే ప్రతి ఉన్న పొట్టేలైతే సగం కూతుళ్ళకే వస్తుంది. రక్త పరీక్షలో ఏది ఎన్ని ప్రతులు మోస్తోందో తెలుస్తుంది, ఆ కాగితం లేకుండా ఎవరు ఏ పేరు చెప్పి అమ్మినా కొనకండి. మీకు నా సలహా, ఇప్పుడు వద్దు. బీళ్ళ మీద తిరిగి మేసే మందలో తల్లికి రెండు పిల్లలకు సరిపడా పాలు ఉండవు. ఒక్క పిల్లనే 11 కిలోలకు తెస్తున్న తల్లి రెండింటిని ఎలా పెంచుతుంది? ముందు మంద కోలుకోనివ్వండి, పచ్చిమేత సాగు పెట్టుకోండి, అప్పుడు పది గొర్రెలతో మొదలుపెట్టి చూడవచ్చు.

విదేశీ క్రాస్ గురించి కూడా అంతే. వేరే జాతి పొట్టేలును పెడితే మొదటి తరం పిల్లలు చురుగ్గా, బరువుగా ఉంటాయి. దాన్నే సంకర బలం అంటారు. ఆ పిల్లల్ని మాంసానికి అమ్మేస్తే లాభమే. కానీ ఆ క్రాస్‌లను వాటిలో వాటికే దాటిస్తే ఆ అదనపు బలం రెండో తరంలో సగం పోతుంది, రంగు, కాళ్ళు, ఎండను తట్టుకునే శక్తి తలోరకంగా చీలిపోతాయి. మీ ఎండలకు, కొండదారులకు పొడుగు కాళ్ళ నెల్లూరే సరి.

ఇక ఈ కష్టం మళ్ళీ రాకుండా నడిపే పద్ధతి. నా ఉద్యోగం మొదట్లో మార్కాపురం వైపు ఒక పెద్దాయన దగ్గర దీన్ని నేర్చుకున్నాను. చదువు రాదు గానీ ప్రతి పిల్లనూ తల్లి పేరుతో పిలిచేవారు. రెండేళ్ళకోసారి తొలకరికి ముందు తన పొట్టేలును వియ్యంకుడి మందకు తోలి, ఆయనది తెచ్చుకునేవారు. పైసా ఖర్చు లేదు. ఆయన మందలో వంకర మూతి పిల్లను నేను చూడలేదు. మీరూ అదే చేయండి, దానికి ఒక నోటుపుస్తకం జోడించండి.

మందను రెండు భాగాలు చేయండి. మొదటిదానికి ఎర్ర చెవిపోగు, రెండోదానికి పచ్చది. ఎర్రవాటికి ఒక పొట్టేలు, పచ్చవాటికి ఇంకోటి. దాటించే నెలన్నర మాత్రం విడివిడిగా మేపండి, మిగతా కాలం కలిసి తిరిగినా ఫర్వాలేదు, పొట్టేళ్ళను కట్టేసి మేపాలి. ఎర్రమన్నును నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూయండి. దాటిన గొర్రె నడుం మీద ఆ రంగు అంటుతుంది, ఆ రోజు తేదీ రాసుకోండి. గొర్రె 17 రోజులకోసారి ఎదకు వస్తుంది. అందుకని 17 రోజులకు రంగు మార్చండి. కొత్త రంగు అంటిందంటే మొదటిసారి నిలవలేదన్నమాట. తేదీకి 147 రోజులు కలిపితే ఈనే రోజు తెలుస్తుంది. ఎర్రవాటి కూతుళ్ళు పెద్దయ్యాక పచ్చ పొట్టేలు దగ్గరికి, పచ్చవాటి కూతుళ్ళు ఎర్ర పొట్టేలు దగ్గరికి వెళ్ళాలి. రెండేళ్ళు నిండేసరికి రెండు పొట్టేళ్ళనూ మార్చేయాలి, లేకపోతే తిరిగి మనవరాళ్ళ దగ్గరికే వస్తాయి. పుస్తకంలో ప్రతి పిల్లకూ తల్లి నంబరు, తండ్రి, పుట్టిన తేదీ, ఒంటిదా కవలా, పుట్టినప్పటి బరువు, మూడు నెలల బరువు రాస్తే చాలు.

చివరగా మీ నాన్నగారి సంగతి. ఆయనతో వాదించకండి, జన్యువులు, శాతాలు చెప్పకండి. ఒక పొద్దున మంద బీడుకు పోకముందు తూకం పెట్టండి. కొన్న 12 గొర్రెల పిల్లల్ని ఒక వైపు, అదే నెలలో పుట్టిన ఇంటి గొర్రెల పిల్లల్లో 12 మరో వైపు నిలపండి. ఒక్కొక్కదాన్నీ ఆయన చేతే సంచిలో పెట్టించి కొక్కేనికి తగిలించండి, అంకె ఆయన్నే చదవమనండి, మీరు రాసుకోండి. తర్వాత ఆ నాలుగు పిల్లల మూతులు ఎత్తి చూపించండి. అవి ఎవరి మనవలో ఆయనకు మీకంటే బాగా తెలుసు. పొట్టేలును కోతకు ఇవ్వడం ఆయనకు మనసొప్పకపోతే, దానికి చుట్టాలు లేని మంద ఉన్న కాపరికి ఇవ్వవచ్చు. కానీ దవడ లోపం మోస్తోందని చెప్పి ఇవ్వాలి, దాని పిల్లల్లో ఒక్కదాన్ని కూడా విత్తనానికి ఉంచుకోనని వాళ్ళు ఒప్పుకోవాలి. తూకం అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.